ఈమధ్య ఏం ఆడారు? సగంలో వదిలేసినవి కూడా చెప్పండి

గోదారిగట్టు – శుక్రవారం రాత్రి 11:52

దసరా సెలవుల్లో మొదలుపెట్టిన సిల్క్‌సాంగ్ ఇంకా నడుస్తోంది. నడుస్తోంది అనకూడదేమో, లాస్ట్ జడ్జ్ అనే పెద్ద శత్రువు దగ్గర ఆగిపోయి మూడు రోజులైంది.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 2017లో వచ్చిన హాలో నైట్ అనే వీడియో గేమ్‌కి ఇది తరువాయి. చేసింది ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఉండే టీమ్ చెర్రీ అనే చిన్న బృందం. 2019లో ప్రకటించి 2025 సెప్టెంబరు 4న వదిలారు. అన్నేళ్ళు ఏం చేశారయ్యా అంటే, ప్రతి మూలా చేత్తో బొమ్మలు గీస్తూ కూర్చున్నారు. ఆ పురుగుల రాజ్యం అందానికి వంక పెట్టను. నా బాధంతా దెబ్బల లెక్కతో. మొదట్లో మనకి ఐదు మాస్కులు ఉంటాయి, అవే ప్రాణాలు. పెద్ద శత్రువుల్లో చాలామంది ఒక్క దెబ్బకి రెండేసి ఊడగొడతారు. మూడో దెబ్బకి కథ కంచికి.

పైగా ఈ ఆటకి కుళ్ళు హాస్యం ఎక్కువ. హంటర్స్ మార్చ్ అనే చోట ప్రాణాలు ఉగ్గబట్టుకుని బెంచీ దాకా చేరాను. బెంచీ మీద కూర్చుంటేనే ఆట సేవ్ అవుతుంది, మాస్కులన్నీ తిరిగొస్తాయి. హమ్మయ్య అని కూర్చున్నాను. ఆ బెంచీ బోను! కూర్చోబెట్టి మరీ కొట్టింది. అర్ధరాత్రి గట్టిగా నవ్వేసరికి పక్కగదిలో నాన్న లేచారు.

ఇప్పుడీ జడ్జ్. ఒళ్ళంతా గంటలా ఉంటాడు. గొలుసుకి నిప్పుల ధూపపాత్ర కట్టి గిరగిరా తిప్పుతాడు, గుళ్ళో సాంబ్రాణి వేసేవాడికి పూనకం వచ్చినట్టు. చచ్చిన ప్రతిసారీ బెంచీ దగ్గర లేచి, ఇసుక గాలుల్లో ఎగురుతూ, గోడలెక్కుతూ మళ్ళీ వాడి దాకా పోవాలి. పోరాటం రెండు నిమిషాలు, ప్రయాణం రెండు నిమిషాలు. మా ఊరి బస్సు సంగతి గుర్తొస్తోంది.

మీరేం ఆడుతున్నారో చెప్పండి. పూర్తి చేసినవే చెప్పాలని లేదు.

రాత్రిడ్యూటీ – శనివారం తెల్లవారుజాము 3:10

మూడు రోజులేనా తమ్ముడూ? నేను ఎల్డెన్ రింగ్ ఆటలో మార్గిట్ అనే శత్రువు దగ్గర వారం ఉన్నాను. అప్పుడే నీరసపడితే ఎలా?

షిఫ్టు అయ్యాక రెండింటికి ఇంటికొచ్చి గంటసేపు అదే ఆడతాను. మూడోసారి మొదలుపెట్టాను. 2022లో వచ్చిన ఆటని ఇప్పటికీ ఎందుకు పట్టుకు వేలాడుతున్నావని మా రూమ్మేట్ అడుగుతాడు. మొదటి గుహలోంచి బయటికి రాగానే ఎదురుగా మైదానంలో బంగారు కవచం, గుర్రం, ట్రీ సెంటినెల్. ఎవడైనా ఏమనుకుంటాడు? మొదటి శత్రువు కదా, కొట్టాలి కాబోలు అనుకుంటాడు. నేనూ అలాగే పోయి పదిహేనుసార్లు చచ్చాను. తర్వాత వెలిగింది, వాణ్ణి కొట్టమని ఎవరూ అనలేదు. చుట్టూ తిరిగి పోవచ్చు. గుర్రం సంపాదించుకుని, కాస్త బలం పెంచుకుని వారం తర్వాత వచ్చి కొట్టు, ఎవడొద్దన్నాడు?

అందుకే ఈజీ మోడ్ పెట్టాలని ఏడ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈజీ మోడ్ ఉంటే అది ఆ ఆటే కాదు.

ఇస్పేటురాజు – శనివారం ఉదయం 9:25

నాది బలాట్రో. ఫోన్లో వేసుకున్నాను, అదే నేను చేసిన తప్పు.

ముందు ఇంట్లో గొడవ చెప్తాను. భోజనాల దగ్గర మా అమ్మ ఫోన్లోకి తొంగి చూసింది. ఆసు, రాజు, రాణి కనబడ్డాయి. "పేకాటా?" అంది. పైసా పెట్టేది లేదమ్మా, అవతల మనుషులు కూడా ఉండరు, ఒక్కణ్ణే ఆడుకుంటున్నాను అన్నాను. ఆవిడ ఇంకా కంగారుపడింది. "ఒక్కడివే కూర్చుని పేకాడుకుంటున్నావా నాయనా!"

మా మామయ్య రమ్మీలో ముదురు. పండక్కి వచ్చినప్పుడు ఫోన్ చేతికిచ్చాను. ఎనిమిదే ముక్కలు చూసి, పదమూడు ముక్కలు లేని పేకాటేంట్రా అన్నారు. ఇది పోకర్ చేతుల మీద నడిచేది మామయ్యా అని ఒక చేయి వేసి చూపించాను. ఆటీను ఆసు, రాజు, తొమ్మిది, ఏడు, నాలుగు. ఐదూ ఒకే రంగు, అంటే ఫ్లష్. ఫ్లష్‌కి మొదట 35 చిప్స్, గుణకం 4. ఆసుకి 11, రాజుకి 10, మిగతావాటికి వాటి అంకెలే. మొత్తం 41. ముప్పై ఐదూ నలభై ఒకటీ డెబ్బై ఆరు, ఇంటూ నాలుగు, 304. మొదటి మెట్టు దాటడానికి కావలసింది 300. నాలుగు పాయింట్లతో గట్టెక్కాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని "ఇంకోటి వెయ్యి" అన్నారు. అంతే, గంట దాకా ఫోన్ నా చేతికి రాలేదు.

అసలు మజా జోకర్లది. రమ్మీలో జోకర్ అంటే లేని ముక్క బదులు ఇరికించేది కదా. ఇక్కడ జోకర్ పక్కన నిలబడి లెక్క మార్చేస్తాడు. అన్నిటికంటే మామూలు జోకర్ కొన్నా గుణకానికి 4 కలుస్తుంది, అంటే పైన వేసిన చేయే 608 అవుతుంది. ఇలాంటివి 150 ఉన్నాయి. మామూలుగా ఒకేసారి ఐదే పెట్టుకోవచ్చు. 300తో మొదలైన మెట్టు ఎనిమిదో దశ చివరికి లక్ష అవుతుంది. అక్కడికి చేరాలంటే జోకర్లు ఒకదాన్నొకటి ఎగదోసుకునేలా పేర్చాలి.

నా ఘోరం వినండి. ఒకసారి పేకముక్కలన్నీ దాదాపు ఆటీన్లే అయ్యేలా మార్చుకున్నాను. జోకర్లూ ఆటీన్ల మీద బతికేవే. రాజులా సాగుతోంది. ఆరో దశ చివర అడ్డుపడే బాస్ ఎవరయ్యా అంటే ది హెడ్. ఆ చేతుల్లో ఆటీను ముక్కలేవీ చెల్లవు! ఫ్లష్ ఫ్లష్‌గానే ఉంటుంది గానీ ముక్కలకి విలువ సున్నా. జోకర్లు అలా చూస్తూ ఉండిపోయాయి. మామయ్య చెప్పనే చెప్పారు, ఒక్క రంగు మీద పడి ఉండకురా అని.

పాతసిస్టం – శనివారం ఉదయం 9:41

మీ అమ్మగారిని తప్పుపట్టకండి. యూరప్‌లో ఆటలకి వయసు రేటింగిచ్చే పెగీ వాళ్ళు కూడా బలాట్రోకి 18 పెట్టి, 2025లో 12కి దించారు. వాళ్ళకే నచ్చజెప్పుకోవాల్సి వచ్చింది.

ఎడిసన్ఆవకాయ – శనివారం సాయంత్రం 6:30

నేను పెద్ద గేమర్‌ని కాదు. మా అబ్బాయి కంట్రోలర్ ఖాళీగా ఉంటే వెన్బా ఆడాను, గంటన్నరలో అయిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

1980ల్లో కెనడాకి వలసొచ్చిన తమిళ దంపతుల కథ. వెన్బా ఆవిడ పేరు. వాళ్ళమ్మ ఇచ్చిన వంటల పుస్తకం చిరిగిపోయి, అక్షరాలు చెరిగిపోయి ఉంటుంది. ఏ మాట పోయిందో ఊహించి వండాలి, ఆట అంతే. మొదటిది ఇడ్లీ. స్టాండులో ప్లేట్లు ఎలా పేర్చాలన్నదే చిక్కు. నాకు ఆలోచించాల్సిన పనే లేకపోయింది. ఒక ప్లేటు గుంట మీద ఇంకో ప్లేటు గుంట రాకుండా తిప్పి పెట్టాలి, లేకపోతే కింది ఇడ్లీ పొంగి పై ప్లేటుకి అంటుకుంటుంది. చిన్నప్పుడు ఆ తిప్పడం మరిచిపోయినందుకు మా అమ్మ చేత ఎన్ని మొట్టికాయలు తిన్నానో! చేతులు వాటంతటవే తిప్పేశాయి. మా వాడు నోరెళ్ళబెట్టి "మామ్, హౌ డిడ్ యూ నో?" అన్నాడు.

ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే ఆటలో కొడుకు కవిన్ కూడా అంతే. అమ్మ తమిళంలో పిలుస్తుంది, వాడు ఇంగ్లీషులో పలుకుతాడు. కొంచెం పెద్దయ్యాక ఇంటి టిఫిను స్కూలుకి తీసుకెళ్ళడానికి సిగ్గుపడతాడు. ఎవరూ ఎవర్నీ అరవరు. కూర పొయ్యి మీద ఉడుకుతూ ఉంటుంది, వెనక రేడియోలో ఆ కాలపు తమిళ సినిమా పాటల బాణీలో పాట, వీళ్ళ మధ్య ఒక్కో అడుగే దూరం పెరుగుతుంది. మంచి గేమ్ అంటే చెయ్యి ఊరికే ఉండకూడదు అంటారు కదా. ఇందులో ఆ కూర కలుపుతూనే వాళ్ళ మాటలు వినాలి, వంట వదిలేసి అవతలకి పోవడానికి లేదు. వంటింట్లో నా సంగతీ అదేగా.

దీనికి 2024లో బ్రిటన్‌లో అవార్డులిచ్చే బాఫ్టా వాళ్ళు తొలి గేమ్ విభాగంలో బహుమతి ఇచ్చారు. చివరి భాగం చెప్పను. అది ఆడాక ఇండియాలో తెల్లారే దాకా కాచుకుని అమ్మకి ఫోన్ చేశాను. పులిహోరకి ఇంగువ ముందా వెనకా అని అడిగాను. నాకు తెలుసు. అయినా అడిగాను.

రాత్రిడ్యూటీ – ఆదివారం తెల్లవారుజాము 2:48

అక్కా, కోపం తెచ్చుకోకండి. గంటన్నర ఆటకి అంత పెట్టాలా? సేల్‌లో విచర్ 3 వస్తుంది, వంద గంటలు నడుస్తుంది.

ఎడిసన్ఆవకాయ – ఆదివారం ఉదయం 8:05

అప్పడం గంటసేపు తింటామా తమ్ముడూ?

ఇస్పేటురాజు – ఆదివారం ఉదయం 8:07

అక్కకి ఒక పాయింటు.

పాతసిస్టం – ఆదివారం మధ్యాహ్నం 12:15

పేరు చూసే ఉంటారు, నాది 2014 నాటి ల్యాప్‌టాప్. గ్రాఫిక్స్ కార్డు లేదు, ఫ్యాను తిరిగితే పిండిమరలా మోగుతుంది. అందుకని బొమ్మ తక్కువ, బుర్ర ఎక్కువ ఉండే ఆటలే వెతుక్కుంటాను. ఈ నెల రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్. 2018 నాటిది. లూకస్ పోప్ దాదాపు ఒంటిచేత్తో చేశాడు. రంగులు లేవు, అంతా చుక్కలూ గీతలే, పాతకాలపు కంప్యూటర్లలో కనిపించే బొమ్మల్లా.

సంవత్సరం 1807. ఎప్పుడో మాయమైపోయిన సరుకు ఓడ ఒకటి మనిషి అనేవాడు లేకుండా ఇంగ్లండు రేవుకి తిరిగొస్తుంది. మనం ఈస్టిండియా కంపెనీ తరఫున బీమా లెక్క తేల్చే ఉద్యోగి. అవును, ఆ కంపెనీయే. అరవై మంది ఏమయ్యారు, ఎవరు, ఎలా పోయారు, ఎవరు చంపారు, ఇదంతా ఒక పుస్తకంలో నింపాలి. చేతిలో ఒక మంత్రపు గడియారం ఉంటుంది. శవం దగ్గర తెరిస్తే ముందు ఆ మనిషి చివరి క్షణాల చప్పుడు చీకట్లో వినిపిస్తుంది, తర్వాత చనిపోయిన ఆ క్షణం శిలలా కళ్ళ ముందు నిలబడుతుంది. అందులో తిరగొచ్చు గానీ దేన్నీ కదపలేం.

ఇంత కఠినమైన ఆట ఈ చర్చలో ఇంకొకటి లేదని నా వాదన. కానీ ఇందులో వేగం అక్కర్లేదు, వేళ్ళ ఒడుపు అక్కర్లేదు. ముగ్గురి సంగతి సరిగ్గా నింపితేనే ఆట "సరే" అంటుంది. ఒకరిద్దరిది గుడ్డిగా పెట్టి తప్పించుకోవడం కుదరదు.

ఒక్క ఘట్టం చెప్తాను, ఆడాలనుకునేవాళ్ళు ఈ పేరా వదిలేయండి. నావికులు ఉయ్యాల పడకల్లో నిద్రపోతున్న దృశ్యం ఒకటుంది. నేను శవం చుట్టూనే గంట తిరిగాను. విసిగి ఊరికే పడకల వైపు పోతే ఒక్కో దాని మీద నంబరు! సిబ్బంది జాబితాలోనూ నంబర్లున్నాయి. కొందరి మొహాలు కనపడవు, దుప్పట్లోంచి కాళ్ళు మాత్రం బయటికున్నాయి. ఎవరికి మేజోళ్ళున్నాయి, ఎవరికి ఏ రకం చెప్పులున్నాయి అని చూసుకుని, వేరే దృశ్యాల్లో అవే కాళ్ళు వెతుక్కోవాలి. జాబితాలో ఇండియా అని రాసి ఉన్న నావికుల పేర్లు చూసి నవ్వొచ్చింది. ఒకాయన పేరు అబ్రహాం అక్బర్.

ఈ వివరాలన్నీ ఇంట్లో పాలవాడి ఖాతా పుస్తకం వెనక రాసుకునేవాణ్ణి. అది బ్యాగులో ఆఫీసుకొచ్చింది. మీటింగులో మా మేనేజరు పేజీ తిప్పి "వంటవాడు ఎలా పోయాడు, గొడ్డలా?" అని పైకి చదివారు. ఇప్పటికీ నాతో మాట్లాడేటప్పుడు ఒక అడుగు వెనక్కి నిలబడతారు.

గోదారిగట్టు – ఆదివారం రాత్రి 10:20

ఈ వారాంతం లెక్క: జడ్జ్ 31, నేను 0. నిన్న ఒకసారి బాగా దగ్గరికి వచ్చాను, చేతులు వణికి చెడగొట్టాను. రాత్రిడ్యూటీ అన్నా, మీరు తిట్టినా సరే, ఇందులో ఒక ఈజీ మోడ్ ఉంటే ఇవాళ పెట్టేసేవాణ్ణి.

నెమ్మదిగా – ఆదివారం రాత్రి 11:34

ఈ చర్చ మొదటినుంచీ చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. రోజంతా టైపింగు ఉద్యోగం. రెండేళ్ళుగా కుడి మణికట్టు నొప్పి. పట్టీ వేసుకుని పడుకుంటాను. బటన్ పదేపదే నొక్కితే మర్నాడు కప్పు పట్టుకోలేను.

2018లో వచ్చిన సెలెస్ట్ ఆడాను. మ్యాడలిన్ అనే అమ్మాయి కొండెక్కుతుంది, అంతే కథ. గెంతడం, గాల్లో ఒక్కసారి దూసుకుపోవడం, గోడ పట్టుకోవడం. ఈ మూడింటితోనే చుక్కలు చూపిస్తుంది. చావుల లెక్క కూడా చూపిస్తుంది, ఆ సంఖ్య చూసి గర్వపడమని పోస్టుకార్డు కూడా ఇస్తుంది. అందులో అసిస్ట్ మోడ్ అని ఉంది. ఆట వేగం పది పది శాతం చొప్పున సగం దాకా తగ్గించుకోవచ్చు. గోడ పట్టు జారకుండా చేసుకోవచ్చు. కావాలంటే అసలు చావే లేకుండా కూడా. నేను వేగం 70 శాతానికి తగ్గించాను, ఇంకేమీ ముట్టుకోలేదు.

తగ్గించాక కూడా ఆరో అధ్యాయంలో నాలుగు వందలసార్లు పైనే చచ్చాను. ఎవరైనా చూసి ఇది ఆట కాదు అంటే నేనేమీ అనను. నాకు గుర్తున్నది మాత్రం తీగ మీద వెళ్ళే బండి మధ్యలో ఆగిపోయే ఘట్టం. మ్యాడలిన్‌కి ఊపిరాడదు, భయం పట్టుకుంటుంది. పక్కనున్న కుర్రాడు ఒక ఈకని ఊహించుకోమంటాడు. తెర మీద ఈక వస్తుంది. బటన్ నొక్కితే లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఊపిరి తీసి వదిలినట్టు దాన్ని ఒక గీత మధ్యలో నిలపాలి. గెలుపూ ఓటమీ ఏమీ లేవు. ఆ నొక్కడం, వదలడం మా ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామంలాగే ఉంది. చెయ్యి నొప్పెట్టలేదు.

రాత్రిడ్యూటీ – సోమవారం తెల్లవారుజాము 3:30

నెమ్మదిగా గారూ, ఈ మాటలు నన్నుద్దేశించి రాయలేదని తెలుసు. అయినా తగిలాయి. వేగం తగ్గించుకుని నాలుగు వందలసార్లు చచ్చినవాళ్ళని పట్టుకుని ఆట కాదనే దమ్ము నాకు లేదు. ఎల్డెన్ రింగ్ మటుకు అలాగే ఉండాలన్న మాట వదలను.

ఇంకోటి కూడా ఒప్పుకుంటాను. అందులో పేరుమోసిన బాస్ మెలేనియాని నేను ఒంటరిగా కొట్టలేదు. మన రూపంలోనే వచ్చి సాయపడే మిమిక్ టియర్‌ని పిలిచి, అది తన్నులు తింటుంటే వెనకనుంచి కొట్టాను.

ఇస్పేటురాజు – సోమవారం ఉదయం 7:50

అన్నా!! మూడేళ్ళుగా ఈ వేదికలో మెలేనియా కథ వీరగాథలా చెప్తున్నావు కదా!!

కంచాలుకడిగాక – సోమవారం రాత్రి 9:40

మా ఆయనా నేనూ పిల్లలు పడుకున్నాక ఇట్ టేక్స్ టూ ఆడుతున్నాం. ఒకరు కొంటే చాలు, రెండోవాళ్ళు ఫ్రెండ్ పాస్‌తో ఉచితంగా ఆడొచ్చు. ఒక్కరు ఆడటానికి వీల్లేదు. విడాకులు తీసుకోబోయే జంట బొమ్మలుగా మారిపోతారు, ఇద్దరూ కలిసి సాయం చేసుకుంటేనే ముందుకి కదులుతుంది.

గ్రాఫిక్స్ గురించి చెప్పడం నాకు రాదు. తగవు గురించి చెప్తాను. మధ్యలో ఒక బొమ్మ ఏనుగు రాణి వస్తుంది, పేరు క్యూటీ. పాపం ఏమీ చెయ్యలేదు, నవ్వుతూ పలకరిస్తుంది. దాన్ని ఈడ్చుకెళ్ళి అంచునుంచి తోసెయ్యాలి, మనిద్దరమే. కాలు ఊడుతుంది, చెవి చిరుగుతుంది, అది బతిమాలుతుంది. నేను కంట్రోలర్ సోఫా మీద పెట్టేశాను. మా ఆయన "బొమ్మే కదా, నొక్కు" అన్నారు. నొక్కను అన్నాను. ఇద్దరూ లాగితే గానీ కదలదు, దాంతో ఆట అక్కడే నిలబడిపోయింది. ఇరవై నిమిషాలు ఏనుగు మొహం చూస్తూ కూర్చున్నాం. టీ పెట్టుకొస్తానని లేచారు. పెళ్ళైన పన్నెండేళ్ళలో రాత్రి పదకొండింటికి ఆయన టీ పెట్టడం అదే మొదలు. తాగాక నొక్కాను.

పాతసిస్టం – సోమవారం రాత్రి 10:02

గోదారిగట్టూ, జడ్జ్‌ని కొట్టకుండా కూడా వాడు కాపలా కాసే సిటాడెల్ కోటలోకి పోవచ్చు తెలుసా? సిన్నర్స్ రోడ్ అనే చోటునుంచి పొగమంచు దారి ఉంది, మా తమ్ముడు అలాగే వెళ్ళాడు. అక్కడ ఇంకో బాస్ ఉంటుందట, అది వేరే సంగతి. తలుపు తియ్యకపోతే దొడ్డిదారిన పోవడంలో తప్పేం లేదు.

రాత్రిడ్యూటీ – మంగళవారం తెల్లవారుజాము 2:15

దొడ్డిదారి వద్దనను, ట్రీ సెంటినెల్ దగ్గర నేనూ చేసిందదే. తలుపునుంచే పోతానంటే మాత్రం రెండు మాటలు విను. ఒకటి, కిందికి పొడిచే దెబ్బ ఏటవాలుగా పోయి కుదరకపోతే దెబ్బల తీరు మార్చే వాండరర్ క్రెస్ట్ పెట్టుకో, నిట్టనిలువుగా పడుతుంది. రెండోది మరీ ముఖ్యం. వాడు చచ్చాక సంబరపడి దగ్గర నిలబడకు. పేలతాడు.

గోదారిగట్టు – బుధవారం రాత్రి 12:47

పొగమంచు దారికి వెళ్ళాను. దారి తప్పాను, మళ్ళీ తప్పాను, మూడోసారి నేను బయల్దేరిన చోటికే వచ్చాను. ఇక నాకు జడ్జే నయమనిపించాడు.

ఇవాళ 44వ సారి. క్రెస్ట్ మార్చాను. ధూపపాత్ర తిరిగేటప్పుడు వెనక్కి పరిగెత్తకుండా మీదకి గెంతడం అలవాటైంది. చివర్లో ఒక్కటే మాస్కు మిగిలింది. వాడు కూలాడు. నా బొటనవేలు అప్పటికే "హమ్మయ్య" అనబోతోంది. అంతలో రాత్రిడ్యూటీ అన్న మాట గుర్తొచ్చి గోడ దాకా పరిగెత్తాను. నిజంగానే పేలాడు!

తలుపు తెరుచుకుంది. లోపలంతా నిశ్శబ్దంగా, తెల్లగా, పెద్ద గుడిలా ఉంది. ఒక్క మాస్కుతో నడుస్తున్నాను. ఇక్కడ బెంచీ ఎక్కడుందో ఎవరైనా చెప్పండి.

ఇస్పేటురాజు – బుధవారం రాత్రి 12:49

దొరికితే కూర్చునేముందు ఒకసారి తట్టి చూడు.